తిక్క తెగులు పక్క చేను వామి నుంచే వస్తుందా?

పెన్నా గట్టు (అనంతపురం): మా గట్టు అవతలి పొలం చేసే కౌలు రైతు నిరుటి వేరుశనగ కట్టెను వామి వేసి అలాగే వదిలేశారు. ఏటా నా పైరుకు తిక్క ఆకుమచ్చ వస్తోంది, అదీ గట్టు పక్క సాళ్లకే ముందుగా. సిద్ధబీజాలు (శిలీంధ్రం వ్యాపించే విత్తనాల్లాంటి సూక్ష్మకణాలు) గాలికి ఎగిరి వస్తాయని చిన్నప్పుడే చదువుకున్నాం. వామి తీయమంటే ఆయన వినరు. నా నష్టం ఆయన కట్టాలా, వద్దా?

వృక్షశాస్త్రం మాస్టారు: గాలికి వస్తాయి, వాన చినుకుల తుంపరతోనూ వస్తాయి. తిక్కకు కారణమైన శిలీంధ్రాలు రెండు. ముందు వచ్చేది సెర్కోస్పోరా అరాకిడికోలా, దాని మచ్చ చుట్టూ పసుపు వలయం ఉంటుంది. ఆలస్యంగా వచ్చే మచ్చ బాగా నలుపు. ఆకు తిప్పి చూస్తే అడుగున వలయాలుగా కొనిడియాలు కనిపిస్తాయి. ఇవి అలైంగిక సిద్ధబీజాలు. జత అక్కర లేదు కాబట్టి ఒకే పంటకాలంలో మచ్చ నుంచి మచ్చకు ఎన్నో తరాలు పుడతాయి. లైంగిక దశ కనిపించడం చాలా అరుదు. అయితే పంట లేని నెలల్లో ఈ శిలీంధ్రం తలదాచుకునేది రాలిన ఆకుల్లో, కోత తర్వాత తనంతట మొలిచిన మొక్కల మీద. మీ చేలో నిరుడు ఏ పంట వేశారు?

పెన్నా గట్టు: వేరుశనగే. నేను అడిగింది నా చేను గురించి కాదు మాస్టారూ, వామి గురించి.

హగరి ఒడ్డు: హెక్సాకొనజోల్ అనే శిలీంధ్రనాశక మందు లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు కలిపి పిచికారీ చేయండి.

ఎర్రనేల (కళ్యాణదుర్గం): నేనూ కౌలు రైతునే. మీకు వచ్చింది తిక్కేనా? ఆకు అడుగున వేలితో రుద్దండి. నారింజ రంగు పొడి అంటితే అది తుప్పు తెగులు, వేరే శిలీంధ్రం. తుప్పు సిద్ధబీజాలు ఎంతో దూరం నుంచి గాలిలో వస్తాయి, ఎండిన కట్టెలో ఎక్కువ కాలం బతకవు. అప్పుడు ఆ వామికి ఏ పాపమూ అంటదు.

పెన్నా గట్టు: రుద్దాను. పొడి లేదు, నల్ల మచ్చలే.

ఎర్రనేల: అయితే ఏటా వేరుశనగ మీద వేరుశనగ వేసిన మీ నేలనే ముందు అడగండి.

చిత్రావతి: సిద్ధబీజం అనగానే శత్రువులా మాట్లాడుతున్నారు. విత్తనానికి పట్టించే ట్రైకోడెర్మా (పంటకు మేలు చేసే శిలీంధ్రం) పొడిలో ఉన్నవీ సిద్ధబీజాలే.

పెన్నా గట్టు: సొంత నేల ఉన్నవాడు గట్టు కూడా శుభ్రంగా ఉంచుకుంటాడు. కౌలుకు చేసేవారికి ఆ పట్టింపు ఎక్కడిది? పంట చేతికి రాగానే వెళ్లిపోతారు.

ఎర్రనేల: వెళ్లిపోవడం మా ఇష్టమా? నిరుడు జొన్న వేస్తానంటే మా భూయజమాని ఒప్పుకోలేదు. జొన్న మీద గుత్త డబ్బు రాదట. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు ఒప్పందం 11 నెలలకే, అందులోనూ యజమాని సంతకం ఉండాలి. అది పెట్టించుకోవడానికి ఆయన ఇంటి ముందు నిలబడి నిలబడి తిరిగొచ్చాను. పత్రం లేదు కాబట్టి పంట రుణం లేదు. పంట మార్పిడి చేయండి, లోతుగా దున్ని ఆకులు పూడ్చండి అని అందరూ చెబుతారు. వచ్చే ఏడు ఆ నేల ఎవరి చేతిలో ఉంటుందో తెలియనివాడు వేసవి దుక్కికి ట్రాక్టరు బాడుగ ఎందుకు కడతాడు? మీరు మాత్రం తెగులుకు కూడా మమ్మల్నే నష్టపరిహారం కట్టమంటున్నారు!

వృక్షశాస్త్రం మాస్టారు: కోపాలు వద్దు. ఆ వామిలో తెగులు సోకిన ఆకులుంటే అదీ ఒక మూలమే, కాదనను. కానీ ఈ పంట మీద పడ్డ కొనిడియా వామి నుంచి వచ్చిందో, మీ సాలులో పడి ఉన్న పాత ఆకు నుంచి వచ్చిందో మచ్చను చూసి ఎవరూ తేల్చలేరు. దాని మీద పరిహారం అడగడం న్యాయం కాదు.

పెన్నా గట్టు: న్యాయం సంగతి నన్ను అడగండి. గట్టు అవతలిది మా అన్న వాటా. నేను చేసుకుంటానని ఎంత మొత్తుకున్నా వినకుండా బయటివారికి గుత్తకు ఇచ్చాడు. మా నాన్న ఉన్నన్నాళ్లూ ఆ గట్టే లేదు.

హగరి ఒడ్డు: ఈ మాట మొదటే చెప్పి ఉంటే బాగుండేది.

ఎర్రనేల: అయితే మీ తగాదా మీ అన్నతో. ఆ కౌలు రైతును మధ్యలో నలపకండి. రెండు మూడేళ్లకు మాట ఇవ్వమని మీ అన్నకు చెప్పించండి, ఆయనే వామి ఇంటికి తోలుకుని జొన్నో సజ్జో వేస్తారు. మీరూ ఈసారి వేరుశనగ ఆపండి. ఒక్క చేలో మార్చి, పక్క చేలో మార్చకపోతే ప్రయోజనం సగమే.

పెన్నా గట్టు: అన్నతో నేను మాట్లాడను. మా మేనమామను పంపిస్తాను.