డబుల్ స్టాప్స్: ముందు స్కేల్ వెంట నేర్చుకోవాలా, కార్డ్‌లోంచి తీసుకోవాలా?

నైట్‌షిఫ్ట్ గిటార్:
సోలో అల్లేటప్పుడు రెండు తీగలు కలిపి మీటడం (డబుల్ స్టాప్స్) ఎలా అని అడిగితే చాలు, సి మేజర్ స్కేల్ మొత్తం థర్డ్స్‌లో (ఒక స్వరం, దాన్నుంచి లెక్కపెడితే మూడోది, జంటగా) ప్రాక్టీస్ చెయ్యమంటున్నారు. జి, బి తీగల మీద 5-5, 7-6, 9-8, 10-10 (ముందుది జి తీగ ఫ్రెట్, అంటే గిటార్ మెడ మీది గడి, తర్వాతది బి తీగ ఫ్రెట్) అని నిచ్చెనలా. ఇలా బట్టీపట్టినవాళ్ళు బ్యాకింగ్ ట్రాక్ మొదలవగానే ఆ నిచ్చెనే ఎక్కి దిగుతుంటారు, కింద కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) మారిన సంగతి చెవికి ఎక్కదు. నా మాట: సి కార్డ్ నడుస్తుంటే 5-5 (సి, ఇ), 9-8 (ఇ, జి) రెండే వాడండి, ఎఫ్ రాగానే 10-10. ఈ మూడింటితో పాట నడపడం వచ్చాక మిగతావి చూసుకోవచ్చు.

తీగలబాబు:
అన్నా, కార్డ్ స్వరాలు దాటకపోతే అది రిథమే అవుతుంది, సోలో ఎక్కడిది? సి కార్డ్ మీదే 10-10 పట్టి చూడు. ఎఫ్, ఎ వస్తాయి, ఎటూ తేలకుండా ఉంటుంది. ఒక బీట్ ఆగి 9-8కి దిగు. ఎఫ్ అర మెట్టు దిగి ఇ అవుతుంది, ఎ ఒక మెట్టు దిగి జి అవుతుంది, ఆ టెన్షన్ ఒక్కసారిగా విడిపోతుంది. 10-10 ఉంగరపువేలితో అదిమి పట్టుకుంటే 9 మీదికి మధ్యవేలు, 8 మీదికి చూపుడువేలు వాటంతట అవే వచ్చేస్తాయి. సి కార్డ్ షేప్‌లోనే ఉండిపోయినవాడికి ఆ 10-10 ఎలా దొరుకుతుంది? స్కేల్ వచ్చి తీరాలి.

పాతరికార్డు:
ఇద్దరూ థర్డ్స్ దగ్గరే ఆగిపోయారు. రాకెన్‌రోల్ గిటారిస్ట్ చక్ బెర్రీ 1958లో 'జానీ బి. గుడ్' మొదట్లో వాయించింది వినండి. పాట బి ఫ్లాట్‌లో ఉంది, సన్న తీగలు రెండూ 6వ ఫ్రెట్ దగ్గర ఒకే వేలితో పట్టేస్తే ఎఫ్, బి ఫ్లాట్, అంటే ఫోర్త్ (ఎఫ్ నుంచి లెక్కపెడితే నాలుగో స్వరంతో జంట). మేజరా మైనరా అని తేల్చే స్వరం అందులో లేదు, అందుకే కార్డ్ ఇ ఫ్లాట్‌కి మారినా అదే పట్టు నప్పుతుంది. ఆయనకంటే ముందే బ్లూస్ గిటారిస్ట్ టి-బోన్ వాకర్ ఇలా వాయించాడు. కొత్తవాళ్ళు ఈ స్కేల్ నంబర్లు పక్కనపెట్టి ఇక్కడ మొదలుపెట్టాలి, చెవితో.

నైట్‌షిఫ్ట్ గిటార్:
బ్లూస్, రాకెన్‌రోల్ వరకు మీ మాట ఒప్పుకుంటా. సోల్ పాటలకి అది చాలదు సార్. 1967 నాటి 'సోల్ మ్యాన్' మొదట్లో గిటారిస్ట్ స్టీవ్ క్రాపర్ సిక్స్త్స్ (ఒక స్వరం, దాన్నుంచి ఆరోది, జంటగా) వాయించాడు, ప్రతి జంటా కింద కార్డ్ ఏమిటో చెప్పేస్తుంది. సి మేజర్‌లో చూడాలంటే జి తీగ 9, సన్న ఇ తీగ 8 పట్టండి: ఇ, సి. మధ్యలో బి తీగ మోగకూడదు, జి తీగ నొక్కిన వేలినే కాస్త వాల్చి దాన్ని మ్యూట్ చెయ్యాలి. కుడిచేత్తో జి తీగని పిక్‌తో, ఇ తీగని మధ్యవేలితో ఒకేసారి లాగితే రెండూ సమానంగా పలుకుతాయి.

బాబూ, నీ 10-10 నాకూ ఇష్టమే. కానీ అది 9-8లో విడిపోవాలని నీ చెవికి ముందే తెలుసు, అందుకే నీకు పనిచేస్తోంది. కార్డ్ స్వరాలు చెవిలో కూర్చోకముందే 10-10 పట్టినవాడు అక్కడే ఉండిపోతాడు, అది తప్పు స్వరంలా వినిపిస్తుంది. ముందు కార్డ్ అనేది అందుకే.

రాత్రి ప్రాక్టీస్:
ఇంకొక్కటి. డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా మార్చే ఎఫెక్ట్) బాగా పెంచి వాయిస్తే థర్డ్స్ ముద్దముద్దగా వస్తాయి, ఫోర్త్స్ చాలావరకు నిలబడతాయి. పద్ధతి నచ్చలేదని వదిలేసేముందు గిటార్ వాల్యూమ్ 6 దాకా తగ్గించి మళ్ళీ ఒకసారి వాయించండి.

తీగలబాబు:
అది నిజం. అన్నా, ఎఫ్ నుంచి జి7కి వెళ్ళేటప్పుడు నువ్వేం వాడతావు? నేను 7-6 పడతా, డి, ఎఫ్ రెండూ జి7లోవే.