అప్‌డేట్: వరిగడ్డి-పేడ కంపోస్ట్ కుప్ప వేడెక్కింది

వరిగడ్డి, పేడ పొరలుగా వేసి వారాలు గడిచినా కుప్ప వేడెక్కట్లేదని ఇక్కడ అడిగాను కదా, కారణం దొరికింది. ‘పైపైన కాదు, విప్పి నడిమధ్య గడ్డి చూడండి’ అన్న సలహానే పనిచేసింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పైన తడే. అడుగున్నర లోపల మాత్రం గడ్డి పెళపెళలాడుతోంది. ఎండుగడ్డి మీద మైనపు పూత ఉంటుంది కాబట్టి పైనుంచి పోసిన నీళ్లు లోపలికి ఇంకకుండా పక్కలకు జారిపోతాయి.

మొత్తం విప్పి, గడ్డిని జానెడు ముక్కలు చేసి రాత్రంతా నానబెట్టాం. పచ్చి పేడను కళ్లాపి కంటే కాస్త చిక్కగా కలిపి పొరపొరకూ చల్లాం. గడ్డిని పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కట్టిందంటే తడి ఎక్కువైనట్టే, కుళ్లు వాసన మొదలవుతుంది. కుప్ప 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు పెట్టాం. మరీ చిన్నదైతే వేడి నిలవదు. వారం తిరక్కుండానే లోపల 60 డిగ్రీలు దాటింది. వేడి తగ్గాక తిరగేసి, ఎండిన చోట మళ్లీ తడపాలి.

యూరియా, బెల్లం నీళ్లు, డీకంపోజర్ (గడ్డిని త్వరగా కుళ్లబెట్టే సూక్ష్మజీవుల) ద్రావణం ఏవీ అవసరం పడలేదు. సున్నం చల్లమన్న సలహా మాత్రం పాటించకండి, పేడలోని నత్రజని అమ్మోనియాగా గాల్లో కలిసిపోతుంది.