అప్‌డేట్: గ్రూప్ ప్రాజెక్ట్‌లో పనంతా నా మీదే పడుతోంది అని అడిగాను కదా

బీబీఏ సెకండియర్, ఐదుగురం ఉన్న గ్రూప్‌కి నేను లీడర్ని, ఎవరూ ఏం చేయట్లేదు, ఈ లీడర్‌షిప్ థియరీలు నిజంగా పనికొస్తాయా అని అడిగాను. పనికొచ్చాయండి.

రింగెల్‌మాన్ అనే ఫ్రెంచ్ ఇంజనీర్ తాడు లాగించి చూసిన ప్రయోగాలు (1913లో అచ్చయ్యాయి) మాకు సిలబస్‌లోనే ఉన్నాయి, మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుందని, అది పరీక్షలో కూడా రాశాను కానీ మా గ్రూప్‌లో జరిగేది అదేనని మీలో ఒకరు చెప్పేదాకా తట్టలేదు. అందుకే ఈసారి ఎవరికి ఏ భాగం కావాలో వాళ్లనే అడిగి, పేరు, తేదీ పక్కపక్కనే అందరికీ కనపడేలా షీట్‌లో రాసేశాం.

అప్పుడు ఒకమ్మాయి "మేం ఏం రాసినా నువ్వు మార్చేస్తావు కదా, అందుకే ఆపేశాం" అంది. చాలా బాధేసింది, కానీ నిజం. టక్‌మన్ అనే సైకాలజిస్ట్ 1965లో చెప్పిన స్టార్మింగ్ దశ (గ్రూప్‌లో అభిప్రాయభేదాలు, గొడవలు బయటపడే దశ) అంటే ఇదేనేమో, గొడవ బయటికొచ్చాకే పని కదిలింది. ఇప్పుడు నేను తప్పులుంటే చెప్తున్నా, దిద్దేది మాత్రం వాళ్లే.

ఒకతను ఇంకా లేటే, అతనితో విడిగా మాట్లాడాలి. రిపోర్ట్ మాత్రం నిన్న ఇచ్చేశాం. చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్స్.