అంపారితో రోకా రాసిన స్పెయిన్ బ్యాండ్ మాస్టర్ ఎవరు? మా బాపు అడుగుతుండు

క్లారినెట్_కొడుకు_హన్మకొండ:
అందరికీ నమస్తే. మా బాపు ముప్పై ఏండ్ల సంది పెండ్లి బ్యాండ్ల క్లారినెట్ వాయిస్తడు. మొన్న ఇంటికి సున్నం ఏద్దామని సామాన్లు బయట పెడితే ట్రంకు పెట్టె అడుగున జిరాక్సు కాయితాల కట్ట దొరికింది, బాపుకు పని నేర్పిన ఉస్తాదు పోలీస్ బ్యాండ్ల చేసినాయన, ఆయన ఇచ్చిపోయినవట, ఇరవై ఏండ్లు అట్లనే ఉన్నయి. బాపుకు నొటేషన్ రాదు, అంతా చెవితో పట్టుడే. పైన అంపారితో రోకా, కింద పాసో డోబ్లె (స్పెయినోళ్ల నడక ట్యూన్ అట), మూలకు జె. టెక్సిడార్ అని ఉంది. యూట్యూబ్‌ల కొట్టి ఫోన్ బాపు ముందల పెట్టిన. మొదటిసారి చాయ్ తాగుకుంట ఊకె విన్నడు, రెండోసారికి గ్లాసు కింద పెట్టిండు, మూడోసారికి క్లారినెట్ తీసి రీడ్ నాలుకకు తడిపి ఎన్కనే అందుకుంటుండు. "ఎవడురా ఈయన, బ్యాండోడే రాసినట్టుంది, కూసుని రాసినోడు కాదు" అన్నడు. గా మాటతోటే ఈ పోస్టు పెడుతున్న. ఇంకో సంగతి, నేను అదే కాయితం చూసి క్యాసియో మీద కొడితే బాపుతో కలుస్తలేదు, ఇద్దరం రెండు దిక్కులు పోతున్నం. ఎందుకో చెప్పుండ్రి.

సైడ్‌డ్రమ్_పెద్దాయన:
మీ బాపు మస్తు చెప్పిండు బిడ్డా, ఆయన పక్కా బ్యాండోడే. నేను బెటాలియన్ బ్యాండ్ల 26 ఏండ్లు చేసి రిటైర్ అయిన, మేం ఈ ట్యూన్ ఎన్నిసార్లు కొట్టినమో లెక్క లేదు, కానీ రాసినాయన పేరు అడిగితే మా మాస్టర్ సుత చెప్పకపోతుండె, నేను తర్వాత తీరిగ్గ చదువుకున్న. పేరు టెక్సిడార్ కాదు, హైమె తెషిదోర్, వాళ్ల దగ్గర జె ని హ అంటరు, ఎక్స్ కాడ ష వస్తది. 1884 ల బార్సిలోనాల పుట్టిండు. మిలిటరీ బ్యాండ్ల సాక్సోఫోన్ వాయించుకుంట పైకొచ్చి, ఆఫ్రికా ఒడ్డున స్పెయినోళ్ల చేతుల ఉన్న మెలీలా పట్నంల రెజిమెంటు బ్యాండ్ నడిపించిండు. మిలిటరీ ఇడిచినంక వాలెన్సియా దిక్కు కార్లెత్ అని చిన్న ఊరు, అక్కడి బ్యాండ్‌కు మాస్టర్ అయిండు. గక్కడనే 1925 ల ఈ ట్యూన్ రాసి అదే ఊళ్లె వాయించిండు. అంపారితో రోకా అంటే ఏదో కోట పేరో యుద్ధం పేరో అనుకునేటోణ్ణి నేను, తీరా చూస్తే ఆయన దగ్గర పియానో నేర్చుకునే ఆడపిల్ల పేరట! అసలు పేరు అంపారో, ముద్దుగ అంపారితో, మన దగ్గర లక్ష్మిని లచ్చి అన్నట్టు.

తర్వాత స్పెయిన్ ఉత్తరాన బాస్క్ దిక్కు బరకాల్దో అనే ఊరికి మున్సిపల్ బ్యాండ్ మాస్టర్‌గ పోయిండు. బిల్బావో పక్కన ఇనుము కరిగించే ఫ్యాక్టరీల ఊరు అది, మన ఆజంజాహి మిల్లు నడిచినప్పుడు వరంగల్ సైరన్‌కు లేచి సైరన్‌కు పండినట్టు ఉంటుండెనేమో అని నేను అనుకుంట. మిగిలిన జిందగీ అంతా అక్కడనే, 1957 ల అక్కడనే పోయిండు. రాసినవి వందల కొద్ది ఉన్నయి, సొంతంగ పబ్లిషింగ్ సుత పెట్టుకున్నడు, అయినా ప్రపంచానికి యాదికున్నది ఈ ఒక్కటే. 1935 ల లండన్‌ల బూసీ అండ్ హాక్స్ అనే సంగీతం అచ్చేసే కంపెనీ అచ్చేసినంక దేశదేశాల బ్యాండ్లకు చేరింది. మీ జిరాక్సు మూలల ఆ పేరు ఉందేమో చూడు.

వాలెన్సియా_రిటర్న్_కరీంనగర్:
నేను మాస్టర్స్‌కి వాలెన్సియాలో రెండేళ్లు ఉన్నా కాబట్టి ఒక మాట కలుపుతా. అంపారో అనే పేరు అక్కడ వీధికొకటి ఉంటది, ఎందుకంటే వాలెన్సియా నగర దేవత దిక్కులేనోళ్ల మేరీమాత, ఆ పేర్లోంచే వచ్చింది ఇది, మన ఓరుగల్లు దిక్కు భద్రకాళి పేరు పెట్టుకున్నట్టు అనుకోండి. ఇక బ్యాండ్లంటే అక్కడ పెళ్లికి పిలిచే మేళం కాదు, ఊరి సొంతం. ఊళ్లో వాళ్లు సభ్యులై నెలనెలా చందా కట్టి నడిపే సంగీత సంఘం ఒకటి ఉంటది, దాని కింద పిల్లల స్కూలు, బ్యాండు. ఆ ఒక్క రాష్ట్రంలోనే ఇట్లాంటివి 500 దాటినయి. 1886 నుంచి బ్యాండ్ల పోటీ జరుగుతుంది, పాతకాలంలో ఎద్దుల పోట్లాట రింగులో పెట్టేవాళ్లట! బున్యోల్ అనే ఊరు, అదేనండి టమాటాలతో కొట్టుకునే పండుగ ఊరు, పదివేలకు అటూ ఇటూ జనం ఉన్న ఆ ఊరికి రెండు పెద్ద బ్యాండ్లు, ఒకదాన్ని వికారపోళ్లు అని ఇంకోదాన్ని లీటరోళ్లు అని పిలుస్తరు, ఇంట్లో తాత ఏ బ్యాండో మనవడు అదే బ్యాండు. నేనున్న అపార్ట్‌మెంటు కింద బేకరీ ఆయన పొద్దంతా పిండి పిసికి రాత్రి తొమ్మిదింటికి ట్యూబా, అదే పెద్ద ఇత్తడి బాకా, ఎత్తుకుని రిహార్సల్‌కి పోయేవాడు. తెషిదోర్ లాంటి మాస్టర్లు ఇట్లాంటి వాళ్ల కోసమే రాసిండ్రు, అందుకే క్లారినెట్లకి అంత పని పెడతరు, ఆర్కెస్ట్రాలో వయొలిన్లు చేసే పని బ్యాండులో క్లారినెట్లదే.

డీజే_ములుగురోడ్:
అన్నా ఇదంతా మంచిగుంది గని బరాత్ల స్పెయిన్ పాట పెడితే ఎవ్వడు ఎగురుతడు? పోరగాళ్లు తీన్మార్ అడుగుతరు, గంతే.

క్లారినెట్_కొడుకు_హన్మకొండ:
డీజే అన్నా మీ బాధ నాకు తెలుసు, మీ వాళ్లు వచ్చినంకనే మా సీజన్ సగమైంది 😄 పెద్దాయనా, కాయితం చూసిన, బూసీ పేరు ఉంది, సంవత్సరం దగ్గర ఇంకు పోయింది. బాపుకు అంతా చదివి వినిపించిన. ఊరోళ్లు చందా కట్టి బ్యాండ్ నడుపుతరంటే నమ్ముతలేడు. పోయిన మాఘమాసంల ఒక ఫంక్షన్ హాల్ల రాత్రి పదకొండు దాక వాయిస్తే మా వాళ్లకు అన్నం పెట్టేటాళ్లకు పప్పు సుత అయిపోయింది, పెరుగన్నం పార్కింగ్ కాడ నిలబడి తిన్నరు. బేకరాయన ట్యూబా ముచ్చట మాత్రం మళ్లమళ్ల చెప్పించుకున్నడు.

సైడ్‌డ్రమ్_పెద్దాయన:
క్యాసియో సంగతి మర్చిపోయిన. మీ బాపు క్లారినెట్ బి ఫ్లాట్‌ది. కాయితంల సి అని ఉంటే ఆయన సి పట్టు పడతడు, బయటికొచ్చేది బి ఫ్లాట్, అంటే సి కన్న రెండు మెట్లు కింద. నువ్వు క్యాసియో మీద సి కొడితే సి నే పలుకుతది, ఇంక ఏడ కలుస్తది? ట్రాన్స్‌పోజ్ నొక్కి మైనస్ రెండు పెట్టు. ఆల్టో సాక్సు వాయించే ఆయన ఉంటే ఈ కాయితం ఇయ్యకు, అది ఇ ఫ్లాట్, ఆయనకు వేరే పార్టు ఉంటది.

ఇంక డీజే తమ్మునికి. తీన్మార్ పేర్లనే మూడు ఉంది, పాసో డోబ్లె రెండు లెక్కల నడక, కుడి ఎడమ కుడి ఎడమ, నిమిషానికి సుమారు 120 అడుగులు. ఎగిరే కాడ కాదు, నడిచే కాడ వాయించాలె. పెండ్లికొడుకు గుర్రం ఎక్కి కదిలేటప్పుడు, గుడి కాడికెళ్లి ఇంటి దాక. పాసో డోబ్లెలు చాలావరకు మైనర్ల, అంటే జర బరువు స్వరాల, మొదలుపెట్టి ట్రియో కాడికి, అంటే నడుమ వచ్చే కొత్త భాగం కాడికి, రాంగనే మేజర్‌కు, అంటే హుషారు స్వరాలకు, తిరుగుతయి, తిరిగిన కాడ బ్యాండు గొంతు తగ్గించాలె, మల్ల ఆఖర్న గట్టిగ. మా పోరగాళ్లు ఇదే తప్పు చేస్తుండె, మొదటి సందే గట్టిగ ఊది ఆఖరుకు దమ్ము లేకుంట అయితుండె.

క్లారినెట్_కొడుకు_హన్మకొండ:
అప్డేట్. మైనస్ రెండు పెడితే కలిసింది పెద్దాయనా, దండం. నిన్న మండిబజార్ దిక్కు ఒక పెండ్లి, గుర్రం కదిలే కాడ బాపు ఒక్కడే మొదలువెట్టిండు, ట్రంపెట్ మామ ట్రియో కాడ అందుకున్నడు, సైడ్ డ్రమ్ పోరడు మాత్రం అలవాటుల తీన్మార్లకు జారిండు రెండుసార్లు. పెండ్లికొడుకు మేనమామ వచ్చి ఇది ఏ సినిమాది అని అడిగి బాపు జేబుల రెండు వందలు పెట్టిండు. బాపు కార్లెత్ సినిమాది అన్నడట. ఇప్పుడు కట్టల బేస్ పార్టు లేదు, యూఫోనియం (లావు గొంతు ఇత్తడి బాకా) వాయించే మా కాక ఊకె కూసుంటుండు, మీ దగ్గర ఉంటే ఫొటో పెట్టుండ్రి.