బెంగళూరు బ్రూవరీలు: శని, ఆదివారాల్లో ఎటు వెళ్ళాలి?

బందరు_లడ్డు
వచ్చే నెల రెండో శనివారం చూసుకుని నేను, మా బావమరిది, ఇద్దరు కాలేజీ ఫ్రెండ్స్ బెంగళూరు వస్తున్నాం. ఊళ్ళో ఎప్పుడూ సీసా బీరే కదా, ఈసారి అక్కడే తయారుచేసి అక్కడే గ్లాసులో పోసే బ్రూవరీలు చూద్దామని ప్లాన్. రూమ్ ఇందిరానగర్ వైపు తీసుకోవాలా, వైట్‌ఫీల్డ్ వైపా? మొదటిసారి వెళ్ళేవాళ్ళం ఏం ఆర్డర్ చేస్తే బాగుంటుంది? బావమరిది చుక్క ముట్టడు, వాడికి బోర్ కొట్టకుండా ఏమైనా ఉందా? ఇంకోటి, ఇంటికి పార్సిల్ తెచ్చుకోవచ్చా?

ఇందిరానగర్_అద్దెగది
ఇందిరానగర్‌లో దిగు బాస్, ఆలోచించకు. టాయిట్ 2010 నుంచి వంద అడుగుల రోడ్డు మీదే ఉంది, మెట్రో దిగి నడిచి వెళ్ళిపోవచ్చు. మ్యాగ్రత్ రోడ్డులో ఆర్బర్ ఉంది, 2012లో పెట్టారు, అమెరికాలోని ఆన్ ఆర్బర్ ఊరి బ్రూవరీ పేరు అది. అక్కడి ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరు) పేరు రేజింగ్ ఎలిఫెంట్, చేదు ఇష్టమైతేనే దాని జోలికి వెళ్ళు. శనివారం రాత్రి ఎనిమిదికి వెళ్తే మాత్రం గోడకి ఆనుకుని నిలబడాల్సిందే. మధ్యాహ్నం భోజనం వేళకి వెళ్ళి కూర్చో, సీటూ దొరుకుతుంది, వెయిటర్‌కి నీతో మాట్లాడే తీరికా ఉంటుంది. మిగతావి ఎవరైనా చెప్తారు.

కేఆర్‌పురం_రామకోటి
ఏ బ్రూవరీకైనా వెళ్ళండి గానీ గ్లాసు చూసుకుని డబ్బులు కట్టండి. మొన్న ఒక పేరున్న చోట (పేరు రాయను, మోడరేటర్ తీసేస్తారు) వీట్ బీరు చెప్పాం. మెనూలో ఉన్నది ఒక కొలత, గ్లాసులో పైన మూడు వేళ్ళ మందం నురగ. అది దిగేసరికి గ్లాసు మూడొంతులే నిండి ఉంది. అడిగితే ఆ కుర్రాడు 'ఇది స్టైల్ సార్' అని నవ్వాడు. నురగకి కూడా సర్వీస్ ఛార్జీ, పైన ట్యాక్సూ. పాలవాడు ఇలా పోస్తే మా ఆవిడ గిన్నె వెనక్కి ఇచ్చేస్తుంది.

మాల్ట్‌మామ
ఇలాంటి పోస్టులు చూస్తే నవ్వొస్తుంది. నేను బ్రూవరీలో పని చేసినవాణ్ణి, ట్యాంకులు కడిగిన దగ్గర్నుంచి ఈస్ట్ (బీరుని పులియబెట్టేది) వేసేదాకా నా చేతుల మీదుగా జరిగాయి. కాబట్టి రాసుకోండి. వీట్ బీరంటే గోధుమ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజ) సగమో అంతకంటే ఎక్కువో ఉంటుంది. గోధుమలో ప్రోటీన్ ఎక్కువ, అందుకే నురగ గట్టిగా నిలుస్తుంది. బీరు వాసన ముక్కుకి చేరేది ఆ నురగలోంచే. నురగ నిలవని వీట్ బీరు ఇస్తే గ్లాసు జిడ్డుగా ఉందనో, బీరు చప్పబడిందనో అనుమానించాలి. శుభ్రమైన గ్లాసైతే తాగేకొద్దీ లోపలి గోడల మీద తెల్లటి చారలు మిగులుతాయి. సబ్బో నూనో మిగిలిన గ్లాసులో బుడగలు అద్దానికి అతుక్కుని కూర్చుంటాయి. ఇది చూడటం రానివాళ్ళు నురగ మీద కేసులు పెడుతున్నారు.

కేఆర్‌పురం_రామకోటి
మామా, నురగ ఉండొద్దని ఎవరన్నారు? కొలత పైన ఉండమంటున్నాను. నువ్వు ట్యాంకులు కడిగావు సరే, బిల్లు కట్టేది నేను.

సర్జాపూర్_నైట్‌షిఫ్ట్
రామకోటి గారు అన్నదాంట్లో న్యాయం ఉంది. జర్మనీలో గ్లాసు మీద గీత గీసి ఉంటుంది, బీరు అక్కడిదాకా రావాలి, నురగ దాని పైన. ఆన్‌సైట్ మీద మ్యూనిక్‌లో ఉన్నప్పుడు నా కళ్ళతో చూశాను. ఇంగ్లండ్‌లో ఇంకోలా, గ్లాసు అంచుదాకా పోస్తారు, తక్కువైందనిపిస్తే ఇంకొంచెం పొయ్యమని అడగొచ్చు, ఎవరూ ముఖం చిట్లించరు. ఇక్కడ గ్లాసు మీద గీతా ఉండదు, అడిగే అలవాటూ లేదు.

మాల్ట్‌మామ
ఆన్‌సైట్ కథలు మొదలయ్యాయి.

సర్జాపూర్_నైట్‌షిఫ్ట్
ట్యాంకు కథల కంటే నయం.

గోదారి_గట్టు
మీరు ఎన్ని గీతలు గీసుకున్నా మా ఊళ్ళో పొద్దున్నే చెట్టు దిగిన తాటికల్లు ముందు ఇవన్నీ దిగదుడుపే. ఈస్ట్ ఎవడూ వెయ్యడు, అదే గాలిలోంచి వస్తుంది. పొద్దున తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులుస్తుంది, సాయంత్రానికి ముక్కు మూసుకోవాలి. తాజా అంటే అది. గ్లాసుకి ఐదొందలు పోసి అరటిపండు ఎసెన్స్ కలిపిన బీరు తాగి తాజా అంటారేంటి?

మాల్ట్‌మామ
అరటిపండు ఎసెన్స్ ఎవరూ కలపరు అన్నా. జర్మన్ పద్ధతి వీట్ బీరులో ఆ అరటి వాసన, ఆ లవంగం ఘాటు రెండూ ఈస్ట్ నుంచే వస్తాయి. బెల్జియం పద్ధతిదైతే అది విట్, అందులో ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు. టాయిట్ వాళ్ళ టిన్‌టిన్ ఆ రకం. తేడా తెలియకుండా ఎసెన్స్ అనేస్తే ఎలా?

గోదారి_గట్టు
ధనియాలు వేస్తే చారు కూడా అవుతుంది.

వైట్‌ఫీల్డ్_వదిన
నురగ గొడవ పక్కన పెట్టి ఒక మాట. ఇక్కడ ఆడవాళ్ళు కూడా వెళ్తారు, అందరూ మగవాళ్ళకే సలహాలు రాస్తున్నారు. నాకు స్టౌట్ ఇష్టం, నల్లగా, కాఫీ వాసనతో ఉండేది. మావారికి తేలికైనది. ప్రతిసారీ వెయిటర్ నల్లది ఆయన ముందు పెడతాడు, తేలికైనది నా ముందు పెడతాడు. మేము గ్లాసులు మార్చుకోవడం చూసి కూడా రెండో రౌండుకి అదే పని. ఒకచోట నన్ను అడక్కుండానే 'మేడమ్‌కి మాక్‌టెయిల్?' అని ఆయన్ని అడిగాడు. ఇంకో రెండు మెతుకులు ఎక్కువ తిని, టిప్పు పెట్టకుండా లేచొచ్చాం.

బందరు తమ్ముడూ, వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ ఉంది. పుస్తకాల అరలు, జాజ్ సంగీతం ఆడే చిన్న థియేటర్, మా ఇంటికి చుట్టాలొస్తే అక్కడికే తీసుకెళ్తాం. మీ బావమరిది అక్కడ పుస్తకం పట్టుకుని కూర్చోవచ్చు. ఏ రోజు ఏ సంగీతమో ముందే చూసుకో, టికెట్ వేరే ఉంటుంది.

చెన్నై_తెలుగోడు
మీ నురగ కష్టాలు చూసి కడుపు మండుతోంది. ఇక్కడ 2003 నుంచి చిల్లర మద్యం అంతా ప్రభుత్వ టాస్మాక్ షాపులే. గ్రిల్ వెనకాల చెయ్యి పెట్టి, ఏది దొరికితే అది తీసుకుని రావడమే. చల్లగా ఉంటే అదృష్టం. 'ఏం బ్రాండ్ ఉంది?' అని అడిగితే వెనక క్యూ తిడుతుంది. వందేభారత్ వచ్చాక పొద్దున్నే ఎక్కి బెంగళూరులో దిగడం సుఖంగా ఉంది, నాలాంటివాళ్ళకి అది బీరు బండి. పాండిచ్చేరి మాకు దగ్గరే, అక్కడ కెటమరాన్ అని ఒక బ్రూవరీ ఉంది, కానీ బస్సులో మూడు గంటలు కూర్చోవాలి.

బజ్జీ_బండి
తినేదాని గురించి ఎవరూ రాయరేంటి? మన ఆంధ్రా కారం తింటూ ఐపీఏ తాగకండి. హాప్స్ (బీరులో వేసే ఒక రకం పూలు) చేదు కారాన్ని ఇంకా రెచ్చగొడుతుంది, నాలుక మండి కళ్ళలో నీళ్ళు వస్తాయి. చిల్లీ చికెన్, అపోలో ఫిష్ లాంటివైతే వీట్ బీరు, లేదా తేలికైన లేగర్ చెప్పుకోండి. మటన్ వేపుడుకి నల్లటి స్టౌట్ కుదురుతుంది, మాల్ట్ వేగిన రుచి, మాంసం వేగిన రుచి కలుస్తాయి. పప్పు, ఆవకాయ అన్నం మాత్రం రూముకెళ్ళి తినండి. బ్రూవరీలో ఆంధ్రా భోజనం వెతికి బోల్తా పడ్డ మిత్రుడు ఉన్నాడు నాకు. అసలు బెంగళూరులో భోజనం అంటే నాగార్జున హోటల్‌కి వెళ్ళాలి, గన్‌పౌడర్ (పప్పుల కారప్పొడి) వడ్డిస్తారు...

ఇందిరానగర్_అద్దెగది
నాగార్జున సరే, నందిని ఏమైంది?

బజ్జీ_బండి
నందిని కూడా. కానీ రసం నాగార్జునదే.

కేఆర్‌పురం_రామకోటి
మామ జవాబివ్వలేదు. కొలత పైన నురగ ఎందుకు పొయ్యరు? గ్లాసు కొంచెం పెద్దది తెచ్చుకోవచ్చు కదా. అంత చదువు చదివిన ట్యాంకు ఇంజనీరు గ్లాసు సైజు చెప్పలేడా?

మాల్ట్‌మామ
గ్లాసులు కొనేది నేను కాదు, ఓనరు. నాకు తెలిసింది ట్యాంకు. కానీ నీ మూడు వేళ్ళు నీ వేళ్ళా, నా వేళ్ళా? ఆ ఫోటో పెట్టు, చూద్దాం. బీరు మరీ వెచ్చగా ఉన్నా, పైపు శుభ్రంగా లేకపోయినా నురగ పొంగుతుంది. అది నిజంగా తప్పే, అప్పుడు మార్చమని అడగాలి. ట్రిక్కు ఏంటంటే...

కేఆర్‌పురం_రామకోటి
చూశారా, ఇన్ని పోస్టుల తర్వాత 'నిజంగా తప్పే' అన్నాడు. నాకు అదే చాలు.

మోడరేటర్
ఇద్దరూ ఆగండి. 'వేళ్ళ' గురించి ఇంకో పోస్టు వస్తే తీసేస్తాను. ఏ బ్రూవరీ పేరూ ఆరోపణలతో రాయొద్దు.

బందరు_లడ్డు
అయ్యా, నేను అడిగినవాటిలో ఆర్డర్ సంగతి, పార్సిల్ సంగతి ఇంకా మిగిలే ఉన్నాయి. సాంప్లర్ అని విన్నాను, అదేంటి?

మాల్ట్‌మామ
చెక్క పలకలో నాలుగో ఆరో చిన్న గ్లాసులు పెట్టి తెస్తారు, ఒక్కో గ్లాసులో ఒక్కో రకం. అదే చెప్పు. వరుస కూడా ముఖ్యం. తేలికైనదానితో మొదలుపెట్టి వీట్, తర్వాత ఎర్రటి ఏల్, చివరికి ఐపీఏ, స్టౌట్. ఐపీఏతో మొదలుపెడితే తర్వాత వచ్చేదంతా నీళ్ళలా అనిపిస్తుంది. ఇంకో ప్రశ్న తప్పకుండా అడుగు: 'కొత్తగా ట్యాప్ చేసింది ఏది?' అని, అంటే ఇప్పుడిప్పుడే పొయ్యడం మొదలుపెట్టింది. వీట్ బీరు రెండు వారాల్లో తయారైపోతుంది, తాజాదనమే దాని ప్రాణం. లేగర్‌ని చల్లగా వారాల తరబడి పడుకోబెట్టాలి, తొందరపడి పోస్తే వెన్న వాసన వస్తుంది. మామిడి సీజన్లో చాలామంది మామిడి బీరు పెడతారు, నాకు నచ్చదు. రాగి వేసినవి కనిపిస్తే మాత్రం రుచి చూడు.

బల్ల దగ్గర అడిగితే కొంతమంది బ్రూవర్లు ట్యాంకుల దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తారు. మాల్ట్ ఉడికాక మిగిలిన పిప్పి బస్తాలకెత్తి పశువుల దాణాకి పంపిస్తారు, ఆ టైముకి వెళ్తే వాసన హార్లిక్స్ డబ్బా మూత తీసినట్టే ఉంటుంది.

గోదారి_గట్టు
పశువులకి కూడా మంచి రోజులు.

చెన్నై_తెలుగోడు
ఐపీఏ మన ఇండియా కోసమే కనిపెట్టారట కదా, ఓడలో పాడవకుండా? ఆ లెక్కన మనకి డిస్కౌంట్ ఇవ్వాలి.

సర్జాపూర్_నైట్‌షిఫ్ట్
ఆ కథ సగమే నిజం. ఇంగ్లండ్ నుంచి ఇక్కడికి పోర్టర్ లాంటి నల్ల బీర్లు కూడా ఓడల్లో దండిగా వచ్చేవి, పాడవకుండానే చేరేవి. హాప్స్ ఎక్కువ వేసిన లేత రంగు ఏల్ ఇక్కడి దొరలకి నచ్చింది, తర్వాత ఆ పేరు స్థిరపడింది.

మాల్ట్‌మామ
మొదటిసారి ఈయనతో ఏకీభవిస్తున్నాను.

బొమ్మసంద్ర_బుల్లెట్
బండి మీద వెళ్దామనుకునేవాళ్ళకి నా మాట. రక్తంలో వంద మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. మొదటిసారికే పదివేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 'రెండే గ్లాసులు' అంటే ఊదే మిషన్ వినదు. శనివారం రాత్రి తప్పించుకునే రోడ్డు లేదు. లైసెన్స్ పోగొట్టుకుని కోర్టులో రోజంతా కూర్చున్నవాణ్ణి చూశాను, మా ఆఫీసువాడే. తాగనివాడు కారు నడిపితే సరే, అందుకే బావమరిదిని బాగా చూసుకోండి, ఆ రెండు రోజులూ వాడే దేవుడు.

ఇందిరానగర్_అద్దెగది
ఆ దేవుడికి వంద అడుగుల రోడ్డులో పార్కింగ్ ఎవరిస్తారు? మెట్రో ఎక్కండి. వైట్‌ఫీల్డ్ దాకా పర్పుల్ లైన్ 2023లోనే పూర్తయింది, రెండు చోట్లకీ అదే లైను. చివరి బండి టైము మాత్రం చూసుకోండి.

వైట్‌ఫీల్డ్_వదిన
పార్సిల్ సంగతి. 2020 లాక్‌డౌన్‌లో బ్రూవరీల వాళ్ళు మనిషికి రెండు లీటర్ల దాకా కట్టి ఇచ్చారు, మేమూ తెచ్చుకున్నాం. ఇప్పుడు ఎవరిస్తున్నారో, ఏ డబ్బాలో ఇస్తున్నారో వెళ్ళిన చోటే అడుగు. కానీ రాత్రి బస్సులో బందరు దాకా అంటే వద్దు తమ్ముడూ. వడకట్టని బీరు, ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. వేడెక్కితే లోపల గ్యాస్ పెరిగి మూత ఎగురుతుంది. పైగా రాష్ట్రం దాటేటప్పుడు ఎక్సైజ్ వాళ్ళు బ్యాగు తెరిస్తే ఏం చెప్తావు?

బందరు_లడ్డు
అర్థమైంది. ఇందిరానగర్‌లో రూమ్ చూస్తున్నాను. బావమరిదికి జాజ్ అంటే ఏంటో చెప్పాలి, వాడికి తెలిసిన సంగీతం పెళ్ళి బ్యాండే.

కేఆర్‌పురం_రామకోటి
వెళ్ళినప్పుడు గ్లాసు ఫోటో తీసి ఇక్కడ పెట్టు. పక్కన స్కేలు పెట్టి తియ్యి.

మోడరేటర్
రామకోటి గారూ, చెప్పాను కదా. వేళ్ళు వద్దన్నాక స్కేలు కూడా వద్దు.