64 ఏళ్ల వయసులో కారు నడపడం నేర్చుకున్నవారి సలహా కావాలి

నేను తెలంగాణలో ప్రభుత్వ ఉపాధ్యాయురాలిగా పనిచేసి 61 ఏళ్లకు పదవీ విరమణ పొందాను; ఇప్పుడు నాకు 64 ఏళ్లు, కారు నడపడం నేర్చుకోవాలని ఉంది. ఈ మాట చెప్పగానే మా అబ్బాయి నవ్వి ఊరుకున్నాడు గాని, మా ఆడపడుచు మాత్రం కృష్ణా రామా అనుకుంటూ కూర్చోవలసిన వయసులో ఈ సరదాలేమిటని మందలించింది. (ఆమె భర్త డెబ్బై దాటినా రోజూ కారు నడుపుతారు; ఆయన వయసు ఎవరికీ గుర్తుకు రాదు.)

మోటారు వాహనాల చట్టంలో లైసెన్సుకు కనీస వయసే ఉంది, గరిష్ఠ వయసు లేదు. నలభై దాటినవారు వైద్యుడి ధ్రువపత్రం జతచేయాలి. 55 దాటాక తీసుకున్న లైసెన్సు ఐదేళ్లే చెల్లుతుంది. చూపును, ఆరోగ్యాన్ని పరీక్షించే ఈ నియమాలు నాకు సమంజసంగానే తోచాయి. నన్ను బాధించింది వేరు: మా ప్రాంతంలోని ఒక డ్రైవింగ్ స్కూలువారు నన్ను ఒక్కసారైనా స్టీరింగ్ ముందు కూర్చోబెట్టకుండానే "మీకెందుకమ్మా ఈ కష్టం" అని పంపేశారు.

అరవై దాటాక నేర్చుకున్నవారు, ముఖ్యంగా మహిళలు, దయచేసి చెప్పండి. మోకాళ్ల నొప్పులున్నవారు క్లచ్ లేని ఆటోమేటిక్ కారుతోనే మొదలుపెట్టడం మంచిదా? కంటిశుక్లం శస్త్రచికిత్స అయినవారికి రాత్రిపూట ఎదుటి వాహనాల వెలుతురు ఇబ్బంది పెడుతుందా? విసుక్కోకుండా, పెద్దవారి వేగానికి తగ్గట్టు నేర్పే శిక్షకుణ్ణి ఎంచుకునే ముందు ఏమేమి అడిగి తెలుసుకోవాలి?