‘వి’ అంటే మనమా, మేమా?

పాత కాగితాలు సర్దుతుంటే 2008 నవంబరు 6 నాటి పత్రిక ఒకటి బయటపడింది. ఒబామా గెలుపు వార్త ఉన్న మొదటి పేజీ. ఆ రోజుల్లో నేను డెస్కులో సబ్ ఎడిటర్‌ని, ఆ పేజీ మీద నా చెయ్యి కూడా పడింది. పతాక శీర్షికలో ‘చారిత్రాత్మక విజయం’ అని ఉంది. అది తప్పని, ‘చరిత్రాత్మక’ అనో ‘చారిత్రక’ అనో ఉండాలని ఈ సమూహంలో ఇప్పటికే చాలాసార్లు కొట్టుకున్నాం. దయచేసి మళ్లీ మొదలుపెట్టకండి. నా ప్రశ్న దాని కిందున్న ఉపశీర్షిక గురించి, ఒబామా నినాదం ‘యెస్ వి కెన్’కు మేము వేసిన తెలుగు: “అవును, మనం సాధించగలం”.

చికాగో గ్రాంట్ పార్కులో గెలుపు ప్రసంగం చేస్తూ ఆయన ఆ మాట అన్నప్పుడు అక్కడ రాత్రి పదకొండు ప్రాంతం, ఇక్కడ మర్నాటి ఉదయం పదిన్నర. పేజీ వెళ్లేది రాత్రికి కాబట్టి తీరిక ఉంది. అయినా ఆ ఒక్క వాక్యం సాయంత్రం దాకా తెమలలేదు. ‘యెస్ వి కెన్’లోని ‘వి’ మనమా, మేమా? ఇంగ్లీషువాడికి ఈ బాధ లేదు. తెలుగులో నోరు తెరిస్తే చాలు, ఎదుటివాణ్ణి లోపలికి రమ్మంటున్నామో గుమ్మం దగ్గరే ఆపేస్తున్నామో తేల్చుకోవాలి. శీర్షికల మీద వచ్చే సగం తగాదాలను జాగా కొలత తీర్చేస్తుంది. ఇక్కడ అదీ కుదరలేదు, రెండూ రెండక్షరాల మాటలే.

మా సీనియరు వాదన సూటిగా ఉంది. “ఎదురుగా జనం ఉన్నారు. వాళ్లను కలుపుకొని అంటున్నాడు. మనం కాక మరేమిటయ్యా?” వ్యాకరణం ఆయన పక్షమే. నా అభ్యంతరమల్లా, ఆ జనం మా పాఠకులు కారు. పేజీ పట్టుకున్న గుంటూరు పాఠకుడికి ‘మనం’ అంటే అందులో తనూ ఉన్నట్టు వినిపిస్తుంది. ఓటు లేని చోట వాటా ఉన్నట్టు.

ఆయన మాటే నెగ్గింది. ఇప్పుడు చూస్తే, ఆ వారం ప్రపంచమంతా మా సీనియరులాగే అనువదించుకుందనిపిస్తోంది. కెన్యా 6వ తేదీన దేశానికంతా సెలవు ఇచ్చింది. జపానులో ఒబామా అనే ఊరు ఉంది, పేరు కలిసినందుకే అక్కడ సంబరాలు జరిగాయి. అంతకు ముందు జులై 24న బెర్లిన్‌లో ఆయన మాటలు వినడానికి రెండు లక్షల మంది వచ్చారు. దాదాపు అందరూ ఓటు లేనివాళ్లే. అలా వినని వాళ్లూ ఉన్నారు. గెలిచిన మర్నాడే రష్యా అధ్యక్షుడు మెద్వెదేవ్, పోలండును ఆనుకున్న తమ కాలినిన్‌గ్రాద్‌లో ఇస్కందర్ క్షిపణులు పెడతామని ప్రకటించారు. ఆయన చెవికి ‘మేము’ అనే వినిపించి ఉంటుంది.

మీరైతే ఏమి వేసేవారు?

*

విజయనగరం నుంచి, తెలుగు ఉపాధ్యాయురాలు:

అండీ, మీ అనువాదం ‘మనం’ దాకా రాకముందే ‘అవును’ దగ్గర పట్టుబడింది. “రేపు రాగలవా?” అంటే మనం “రాగలను” అంటాం. క్రియనే తిప్పి చెప్పడం మన పద్ధతి. అంచేత “సాధించగలం” ఒక్కటీ చాలు. అలా వేసి ఉంటే మీ తగాదా కూడా తీరేది, ఎందుకంటే మనం సాధించగలం, మేము సాధించగలం, రెంటికీ క్రియ ఒకటే. సర్వనామం తీసేస్తే తెలుగు కూడా ఇంగ్లీషంత గుంభనంగా ఉండగలదు.

దాచడానికి వీల్లేని రూపం ‘చేద్దాం’. అది పలికామంటే ఎదుటివాడు వచ్చి చేరినట్టే. (“మేము వెళ్దామనుకుంటున్నాం” అంటాం కదా అని ఎవరైనా అంటారు, ముందే చెబుతున్నాను. అక్కడ ‘వెళ్దాం’ వాళ్లలో వాళ్లు అనుకున్న మాట. వాళ్ల మధ్య అది మనమే.)

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఆ ప్రసంగం చివరి భాగం. అట్లాంటాకు చెందిన 106 ఏళ్ల ఆన్ నిక్సన్ కూపర్ అనే ఆవిడ జీవితం వెంట నడుస్తూ, ఒక్కో ఘట్టం చివర ‘యెస్ వి కెన్’ అంటారు. అందులో మాంట్‌గోమరీ బస్సులున్నాయి, నల్లజాతివాళ్లను వెనక సీట్లకు నెట్టినవి. 1955 డిసెంబరులో మొదలుపెట్టి 381 రోజులు ఆ బస్సులెక్కకుండా నడిచి వెళ్లినవాళ్లు నల్లజాతివాళ్లు. అది వాళ్ల ‘మేము’. అవతలి పక్క బస్సు కంపెనీ ఉంది, నగర పాలకులున్నారు. 2008లో ఆ వేదిక మీద అదే సంగతిని దేశం మొత్తానికి ‘మనం’గా చెబుతున్నారు. అడ్డుపడినవాళ్ల మనవలూ ఆ మనంలో ఉన్నారు. ఆ వెంటనే తరవాతి ఘట్టంలో బెర్లిన్ గోడ కూలుతుంది. ఆ గోడ ఎవరి ‘మనం’? ఒకే పల్లవి, లోపల మనుషులు మారిపోతున్నారు. ఇంగ్లీషులో పాటలా సాగిపోతుంది. తెలుగు చేసేవాడు చరణం చరణానికీ ఆగి తలగోక్కోవాలి.

ఇంకొకటి. పాఠ్యపుస్తకంలో ఉండే మన రాజ్యాంగ పీఠికలో ‘మేము’ అని ఉంటుంది. ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లవాడు లేచి, “టీచర్, మేము అంటే ఎవరికి చెబుతున్నాం? అందరం ఇందులోనే ఉన్నాం కదా?” అన్నాడు. వాణ్ణి కూర్చోమన్నాను. జవాబు ఇప్పటికీ దొరకలేదు.

*

బెంగళూరు నుంచి:

మా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఇప్పటి కన్నడంలో ‘నావు’ ఒక్కటే, ఈ గొడవ లేదు. తమిళులకు ఉంది, నామ్, నాంగళ్. మరాఠీవాళ్లకూ ఉంది, ఆపణ్, ఆమ్హీ. హిందీలో అన్నిటికీ హమ్. అసలు విశేషమేమిటంటే ఇండోనేషియా భాషలోనూ రెండున్నాయి: కితా అంటే మనం, కామీ అంటే మేము. ఒబామా ఆరేళ్ల వయసు నుంచి పదేళ్ల దాకా జకార్తాలో పెరిగినవారే. అంటే తేడా తెలియక కాదు!

*

హైదరాబాద్ నుంచి:

ఆ నినాదం వెనక ఇంకొకటి ఉంది. 1972లో అరిజోనాలో కూలీల నాయకుడు సీజర్ చావెజ్ నిరాహార దీక్ష చేసినప్పుడు వ్యవసాయ కూలీల సంఘం ‘సీ సె ప్వేదె’ అన్నది. డొలోరెస్ వెర్తా ఇచ్చిన నినాదం. ఆ స్పానిష్ మాటలో మనమూ లేదు, మేమూ లేదు. కర్తే లేదు. తెలుగులో సరిగ్గా “అవుతుంది” అన్నట్టు. పొలం గట్టు మీద “ఇది అయ్యే పనేనా?” అంటే “అవుతుంది” అని అంటామే, అది. నాకైతే ఇంగ్లీషు దానికన్నా ఇదే బాగుంది.

*

న్యూజెర్సీ నుంచి:

పెద్దల చర్చలో దూరుతున్నందుకు మన్నించాలి. ఆ రాత్రి నేను ఇక్కడే ఉన్నాను, హెచ్-1బీ వీసా మీద. ఓటు లేకపోయినా టీవీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. మర్నాడు ఫోను చేస్తే నాన్నగారు “మనవాడు గెలిచాడటగా” అన్నారు. ‘మావాడు’ అనగలిగేది కెన్యాలో కొగెలో ఊరివాళ్లు, అప్పట్లో అక్కడున్న ఆయన సవతి నాయనమ్మ సారా. ‘మనవాడు’ ఎవరైనా అనవచ్చు, ఖర్చేమీ లేదు.

అప్పటికి లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలి రెండు నెలలు కాలేదు. 2009 ఫిబ్రవరి 17న ఒబామా సంతకం చేసిన ఆర్థిక ఉద్దీపన చట్టంలోనే, ప్రభుత్వ సాయం పుచ్చుకున్న బ్యాంకులు మాలాంటి వీసాదారులను కొత్తగా తీసుకోవడం మీద ఆంక్షలు పెట్టారు. మే 4న పన్నుల మీద మాట్లాడుతూ, బఫెలోలో ఉద్యోగం ఇచ్చినవాడికన్నా బెంగళూరులో ఇచ్చినవాడికి తక్కువ పన్ను పడడమేమిటన్నారు. తప్పు పట్టడం లేదు. అక్టోబరుకల్లా ఇక్కడ నిరుద్యోగం 10 శాతానికి చేరింది. వాళ్ల అధ్యక్షుడు వాళ్ల గురించి కాక ఎవరి గురించి మాట్లాడతారు? కానీ ఆ రోజు నాకు సర్వనామం అర్థమైంది.

ఇప్పుడు నాకు ఇక్కడి పౌరసత్వం ఉంది, ఓటూ ఉంది. అయినా ఇంట్లో అమెరికా సంగతి వస్తే “వీళ్లు ఇలా చేశారు, వీళ్లకు అలా కావాలి” అనే అంటాను. మా అమ్మాయి నవ్వుతుంది. తను తెలుగులో మాట్లాడేదే తక్కువ, ఆ తక్కువలోనూ “నాన్నా, వీళ్లు కాదు, మనం” అని దిద్దుతుంది.

*

మొదలుపెట్టినవాణ్ణి మళ్లీ:

విజయనగరం టీచరమ్మ గారికి నమస్కారం. ‘అవును’ తప్పు ఒప్పుకుంటున్నాను.

మీరందరూ చెప్పాక ఆ ప్రసంగాన్ని మళ్లీ తీసి చదివాను. విదేశాల్లో వింటున్నవాళ్లను ఉద్దేశించి అందులో ఒక వాక్యం ఉంది. పార్లమెంట్లలో, రాజభవనాల్లో ఉన్నవాళ్లనూ, లోకం మరిచిపోయిన మూలల్లో రేడియోల చుట్టూ చేరినవాళ్లనూ పిలిచి, మన కథలు వేరువేరైనా మన గమ్యం ఒకటే అంటారు. ఇక్కడ ‘మన’ తప్ప మరొకటి వెయ్యలేం. ఆ వాక్యం ముగియకుండానే, అమెరికా నాయకత్వానికి కొత్త ఉదయం వచ్చిందంటారు. అది ‘మా’. మనతో మొదలై మాతో ముగిసే వాక్యం. నినాదం మీద అంతసేపు కొట్టుకున్న మేము ఆ రోజు దీన్ని పేజీలోకే తీసుకోలేదు, జాగా చాలక.

ఉగ్రవాద అనుమానితులను ఉంచిన గ్వాంటనామో జైలును ఏడాదిలో మూసేయాలని 2009 జనవరి 22న ఉత్తర్వు ఇచ్చారు. ఆయన దిగిపోయేనాటికీ అది తెరిచే ఉంది. ఆ ఉత్తర్వు ఇచ్చిన ఏడాదే అక్టోబరు 9న నార్వే కమిటీ ఆయనకు నోబెల్ శాంతి బహుమతి ప్రకటించింది, పదవిలోకి వచ్చి తొమ్మిది నెలలు కూడా నిండలేదు. ఆ వార్త వచ్చిన రోజు మా సీనియరు నా బల్ల దగ్గరికి వచ్చి, “చూశావా, నార్వేవాళ్లు కూడా మనం అనే అనుకున్నారు” అన్నారు. గెలిచినట్టు అన్నారో, ఓడినట్టు అన్నారో ఆ గొంతులో నాకు తెలియలేదు.

నిన్న ఆ పేజీ మీద పెన్సిలుతో ‘అవును’, ‘మనం’ కొట్టేసి చూశాను. ‘సాధించగలం’ ఒక్కటే మిగిలింది. చదవడానికి హాయిగా ఉంది. కానీ ఎడమ వైపు అంత ఖాళీతో ఆ రాత్రి ఆ పేజీని ఎవరూ ప్రెస్సుకు పంపనిచ్చేవారు కారు.